ఆర్డరు ముందా, సరుకు ముందా

ఇంట్లో పెళ్లి పెట్టుకున్నా, సంక్రాంతి దగ్గర పడుతున్నా ముందు గుర్తొచ్చేది గోడలకు రంగులు వేయించడం. మీరూ ఎప్పుడో ఒకప్పుడు రంగుల కొట్టు మెట్లెక్కే ఉంటారు. కౌంటరు మీద షేడ్ కార్డు తెరిచి పెడతారు. అందులో తెలుపే ఎన్నో రకాలుగా కనిపిస్తుంది. హాలుకి ఒకటి, పడగ్గదికి ఒకటి, బయటి గోడకు ఇంకొకటి ఎంచుకుని వేలు పెట్టి చూపిస్తారు. కొట్టు కుర్రాడు లోపలికెళ్లి ఆ రంగు డబ్బా కోసం వెతకడు. బేస్ డబ్బా ఒకటి తెచ్చి, మూత తీసి, మెషీన్ కింద పెట్టి, కంప్యూటర్లో షేడు నంబరు కొడతాడు. చిక్కటి రంగు సన్నటి ధారలుగా అందులో పడుతుంది. మూత బిగించి షేకర్లో పెట్టి కాసేపు ఊపితే మీరడిగిన రంగు తయారు.

ఇవాళ్టి కబుర్లు ఆ మెషీన్‌తోనే మొదలుపెడదాం. ఎక్కడికి చేరతామో చివర్లో మీరే చూస్తారు.

సప్లై చైన్ మేనేజ్‌మెంట్ చదివే పిల్లలకు మొదట్లోనే ఒక పాఠం చెబుతారు. సరుకు పుట్టిన చోటు నుంచి మన చేతికొచ్చేదాకా జరిగే పనులన్నిటినీ రెండు రకాలుగా చూడొచ్చన్నది ఆ పాఠం. సునీల్ చోప్రా, పీటర్ మైండల్ రాసిన పాఠ్యపుస్తకం ద్వారా ఇది ప్రపంచమంతా పాకింది. మొదటిది సైకిల్ వ్యూ. ఎవరు ఎవరికి ఆర్డరిస్తారు, ఎవరు దాన్ని తీరుస్తారు అని చూస్తుంది. రెండోది పుష్-పుల్ వ్యూ. కొనేవాడు అడగక ముందే అయిపోయిన పనులేవి, అడిగాక మొదలైన పనులేవి అని చూస్తుంది. పరీక్షలో నాలుగు మార్కులకు రాసి వదిలేసే పాఠం ఇది. నాకు మాత్రం దీని మీద మహా గౌరవం. ఒక వ్యాపారంలో నష్టం వస్తే అది ఎవరి నెత్తిన పడబోతోందో ముందే చెప్పగలిగే పాఠాలు ఎక్కువ లేవు మరి.

ముందు మొదటి చూపు. రంగుల కొట్లో మీరు డబ్బులిచ్చి డబ్బా పట్టుకెళ్లారు. అక్కడికి ఒక సైకిల్ పూర్తయింది. మీరు అడిగారు, కొట్టతను ఇచ్చాడు, మీరు తీసుకున్నారు, చెల్లించారు. ఏమైనా మిగిలితే వెనక్కి తెచ్చి ఇవ్వబోతారు. కలిపిన రంగు తీసుకోనంటాడు, అది వేరే సంగతి. సాయంత్రానికి అతని దగ్గర బేస్ డబ్బాలు తగ్గాయి. కంపెనీ డిపోకి ఆర్డరు పెట్టాడు. ఇది ఇంకో సైకిల్, కొట్టు మళ్లీ నింపుకునేది. డిపో ఖాళీ అవుతుంటే ఫ్యాక్టరీ తయారీ లెక్క వేసుకుంటుంది. అది మూడోది. ఫ్యాక్టరీకి టైటానియం డయాక్సైడ్, రెజిన్, ఖాళీ డబ్బాలు కావాలి. వాటిని తెప్పించుకునేది నాలుగోది.

నాలుగు సైకిళ్లలోనూ జరిగే తంతు ఒకటే. అమ్మేవాడు తన దగ్గర ఉన్నదేమిటో చెబుతాడు, కొనేవాడు అడుగుతాడు, అమ్మేవాడు పంపుతాడు, కొనేవాడు అందుకుంటాడు, డబ్బూ వాపసులూ వెనక్కి నడుస్తాయి. కానీ మనుషుల పరిస్థితి మాత్రం ఒకటి కాదు. మీరు ఏ రోజు కొట్టుకి వెళ్తారో, ఏ రంగు అడుగుతారో ఎవరికీ తెలియదు. అది కొట్టతని అదుపులో లేదు. ఆ తర్వాతి ఆర్డరు అతను సొంతంగా పెట్టేది. ఎప్పుడు పెట్టాలి, ఎంత పెట్టాలి అన్నది అతని విధానం. వెనక్కి వెళ్లేకొద్దీ ఆర్డర్ల సంఖ్య తగ్గుతుంది, ఒక్కో ఆర్డరు పరిమాణం పెరుగుతుంది. మీది రెండు డబ్బాలు, కొట్టతనిది వంద, డిపోది లారీ, ఫ్యాక్టరీది నెలకు సరిపడా ముడిసరుకు. లెక్క వెనక్కి వెళ్తున్నకొద్దీ మీ ఇంటి గోడ కనబడకుండా పోతుంది. ఈ మాట గుర్తుంచుకోండి. దీనితో మనకు ఇంకా పనుంది.

ఈ చూపు వల్ల లాభమేమిటంటే బాధ్యత ఎవరిదో తేలుతుంది. సరుకు ఆలస్యమైంది అని గొడవ పడేచోట, ఏ సైకిల్లో ఆగింది, ఆర్డరు అందలేదా, అందినా పంపలేదా, పంపినా దించుకోలేదా అని అడగగలుగుతాం. కంపెనీల్లో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టేటప్పుడు ఎవరి స్క్రీన్ మీద ఏం కనపడాలో తేల్చేది కూడా ఈ లెక్కే. హైదరాబాదులో ఇలాంటి సాఫ్ట్‌వేర్ పని చేసే పిల్లలు వేలల్లో ఉన్నారు. మీ ఇంట్లోనే ఒకరుండొచ్చు, అడిగి చూడండి.

ఇక రెండో చూపు. దీనికి టిఫిన్ హోటలుకు మించిన పోలిక నాకు దొరకలేదు. దోసె పిండికి మినప్పప్పు, బియ్యం నిన్న నానబోశారు. రాత్రి రుబ్బి పెట్టారు. రేపు పొద్దున ఎంతమంది వస్తారో తెలియకుండానే చేసిన పని అది. అల్లం పచ్చడీ అంతే, సాంబారూ అంతే. పెనం మీద పిండి పోసేది మాత్రం మీరు కూర్చుని "ఒక ఉల్లిపాయ దోసె" అన్నాకే. అంచనా మీద నడిచిన పనులు పుష్. మీ నోటి మాట మీద నడిచిన పని పుల్. రెంటికీ మధ్య ఉన్న గీత పిండి గిన్నె దగ్గర ఉంది. ఇడ్లీ విషయం చూడండి. ఏడున్నర రద్దీలో వాయి మీద వాయి దింపుతూనే ఉంటారు, ఎవరూ అడగక్కర్లేదు. పదిన్నరకు మనుషులు పలచబడతారు. అప్పుడు ఇడ్లీ అడిగితే "పది నిమిషాలు పడుతుందండీ" అంటారు. అదే హోటలు, అదే ఇడ్లీ, గీత మాత్రం మూడు గంటల్లో చోటు మారింది. మంచి హోటలు యజమానికి ఈ విద్య ఎవరూ నేర్పలేదు, చేతిలో ఉంది.

ఇప్పుడు మళ్లీ రంగుల కొట్టుకి రండి. ఒకప్పుడు రంగు ఫ్యాక్టరీలోనే కలిసి, డబ్బాలో మూతపడి వచ్చేది. గీత కౌంటరు మీద ఉండేది. కౌంటరుకు వెనకనున్నదంతా అంచనానే. లెక్క కట్టి చూద్దాం. వెయ్యి రంగులు అమ్మాలనుకోండి. ఒక్కోటీ లీటరు, నాలుగు, పది, ఇరవై లీటర్ల డబ్బాల్లో ఉండాలి. అంటే 4000 రకాల సరుకు. ఏ ఊళ్లో ఏ కొట్టుకు అంత చోటుంది? అంత పెట్టుబడి ఎవరి దగ్గరుంది? అందుకే పాత రోజుల్లో కొట్లో ఓ పాతిక రంగులుండేవి, మన ఇళ్లన్నీ ఒకే లేత నీలమో గచ్చకాయ రంగో వేసుకునేవి. జనానికి వేరే రంగులు ఇష్టం లేక కాదు, పెట్టుకునే చోటు లేక.

మెషీన్ వచ్చి ఆ గీతను కౌంటరు నుంచి కొద్దిగా వెనక్కి, కొట్టు లోపలికి జరిపింది. ఇప్పుడు అంచనా వేసుకోవాల్సినవి నాలుగైదు రకాల బేస్‌లు, వాటి సైజులు, ఇంకో డజనో పదహారో చిక్కటి రంగుల సీసాలు. మొత్తం కలిపి నలభై రకాలు దాటవు. వాటితో వెయ్యి రంగులు. లేత షేడ్లకు తెల్ల బేస్, ముదురు షేడ్లకు తెలుపు తక్కువున్న బేస్, అంతే తేడా.

ఇక్కడ లెక్కల్లో చిన్న రహస్యం ఉంది, నిదానంగా వినండి. ఒక్కో రంగు ఈ నెల ఎంత అమ్ముతుందో చెప్పడం కష్టం. లేత మామిడాకు రంగు ఈ నెల ఇద్దరు అడగొచ్చు, వచ్చే నెల ఎవరూ అడగకపోవచ్చు. కానీ వంద లేత రంగులకూ కలిపి తెల్ల బేస్ ఎంత అవసరమో చెప్పడం చాలా తేలిక. ఒకటి తగ్గితే ఇంకొకటి పెరిగి సర్దుకుంటాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని, సమానమైన వంద గిరాకీలను ఒకటిగా కలిపితే, మొత్తంతో పోల్చిన అనిశ్చితి వందకు వర్గమూలమంత, అంటే పదో వంతుకు తగ్గుతుంది. భవిష్యత్తును ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. కానీ ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలో మార్చుకోవచ్చు. "ఏ రంగు?" అన్న ప్రశ్న మీకే వదిలేసి, "ఎంత తెలుపు?" అన్న ప్రశ్న మాత్రం ఫ్యాక్టరీ తన దగ్గర పెట్టుకుంది. చివరి రూపు ఇచ్చే పనిని వీలైనంత ఆలస్యం చేయడమన్న మాట.

మన దేశంలో 1942లో బొంబాయిలో పుట్టిన ఏషియన్ పెయింట్స్ గురించి ఇక్కడొక మాట చెప్పాలి. వాళ్లు మధ్యలో హోల్‌సేల్ వ్యాపారిని పెట్టుకోకుండా నేరుగా చిన్న చిన్న కొట్లకే సరుకిచ్చే దారి ఎంచుకున్నారు. ఒక సైకిల్ మొత్తం తీసేశారన్న మాట. దానివల్ల ఏ ఊళ్లో ఏం పోతోందన్న లెక్క వాళ్లకు ఇంకొకరి ద్వారా కాకుండా సూటిగా తెలిసింది. ఆ లెక్కలకు కంప్యూటర్లను మిగతా దేశం కన్నా ఎంతో ముందే, 1970ల్లోనే వాడడం మొదలుపెట్టారు. రంగుల కంపెనీ అంటే రంగులు బాగా చేయడమే అనుకుంటాం. అసలు పనితనం ఎక్కడుందో చూశారా.

గీతను జరిపిన వాళ్లు ఇంకా ఉన్నారు. ఇటలీలో బెనెటన్ కంపెనీ 1970ల్లో స్వెట్టర్లను రంగు వేయని ఊలుతో ముందు అల్లేసి, ఏ రంగులు పోతున్నాయో తెలిశాక అప్పుడు అద్దకం చేసేది. ఊలు ముందే అద్ది అల్లితే చవక. అయినా అమ్ముడుపోని నారింజ రంగు స్వెట్టర్లు గుట్టలుగా పడి ఉండడంతో పోలిస్తే ఈ ఖర్చు నయం. హ్యూలెట్ ప్యాకర్డ్ వాళ్లది ఇంకో కథ. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్ ఊళ్లో డెస్క్‌జెట్ ప్రింటర్లు తయారయ్యేవి. యూరప్‌కు ఓడలో చేరడానికి దాదాపు నెల. ఒక్కో దేశానికి వేరే ప్లగ్గు, వేరే భాషలో పుస్తకం. ఫ్యాక్టరీలోనే ఇది జర్మనీకి, ఇది ఫ్రాన్సుకి అని కట్టేసి పంపేసరికి జర్మనీలో ఎక్కువై ఫ్రాన్సులో కరువయ్యేది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు హౌ లీ, కంపెనీలో పనిచేసే కోరీ బిల్లింగ్టన్ వంటివారు కలిసి లెక్కలు తేల్చాక, ప్రింటరును అందరికీ ఒకేలా పంపి, పవర్ సప్లై, ప్లగ్గు, పుస్తకం యూరప్ గోదాములో చేర్చడం మొదలుపెట్టారు. సరుకు తగ్గింది, కొరతా తగ్గింది. ఈ రెండూ ఒకేసారి తగ్గడం మామూలుగా జరగదు.

జపాన్‌లో టయోటా ఇంజనీరు తాయిచీ ఓనో అమెరికా సూపర్‌మార్కెట్ల పద్ధతి చూసి ముచ్చటపడ్డాడు. కొనేవాడు అరలోంచి తీసుకున్నంతే వెనక నుంచి నింపుతారు. ఆ పద్ధతిని కార్ల ఫ్యాక్టరీలోకి తెచ్చి, కార్డు వస్తేనే విడిభాగం తయారయ్యేలా చేశాడు. కాన్‌బాన్ అంటే ఆ కార్డే. దీని గురించి పుస్తకాలకు పుస్తకాలు ఉన్నాయి కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

ఇందాక గుర్తుంచుకోమన్న మాటకు వద్దాం. వెనక్కి వెళ్లేకొద్దీ మీ ఇంటి గోడ కనబడకుండా పోతుందన్నాను కదా. అప్పుడేమవుతుందో చూడండి. కొట్లో వారానికి 100 డబ్బాలు పోతాయనుకుందాం. ఒక వారం 110 పోయాయి. గిరాకీ పెరుగుతోందనుకుని కొట్టతను పోయిన 110కి తోడు, చేతిలో ఇంకో 10 ఉంటే మంచిదని 120 అడిగాడు. డిపో వాడికి కనబడేది 110 కాదు, 120. అతను ఇంకొంచెం జాగ్రత్తపడి 140 అడిగాడు. ఫ్యాక్టరీకి 140 కనబడింది, 180 తయారుచేసింది. మరుసటి వారం అమ్మకం మళ్లీ 100. ఇప్పుడు అందరి దగ్గరా ఎక్కువుంది, కాబట్టి అందరూ ఆర్డర్లు కోసేశారు. ఫ్యాక్టరీకి ఆర్డరే లేదు. కొనేవాళ్లలో వచ్చిన తేడా పది డబ్బాలు. ఫ్యాక్టరీలో వచ్చిన తేడాకి మనుషుల ఉద్యోగాలు పోతాయి.

ఇందులో ఎవరూ బుద్ధిహీనంగా ప్రవర్తించలేదు. ప్రతివాడూ తన కళ్ల ముందున్న ఆర్డరును బట్టి వివేకంగానే నడుచుకున్నాడు. ఎం.ఐ.టి.లో జే ఫారెస్టర్ 1950ల చివర్లోనే ఈ ఊపును లెక్కకట్టి చూపించాడు. దాన్నే విద్యార్థుల చేత ఆడించే బీర్ గేమ్ అనే ఆట అక్కడే పుట్టింది. ఎంత తెలివైన పిల్లలు ఆడినా గోదాములు నిండడం, ఖాళీ అవడం అదే వరసలో జరుగుతుంది. 1997లో హౌ లీ, పద్మనాభన్, వాంగ్ ముగ్గురూ కలిసి దీని కారణాలను విడదీసి చెప్పారు. ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ డైపర్ల ఉదాహరణ అప్పటి నుంచీ ప్రసిద్ధి. పసిపిల్లలు డైపర్లు వాడే వేగం నెలనెలా ఏం మారుతుంది? అయినా కంపెనీకి వచ్చే ఆర్డర్లు మాత్రం ఎగిరెగిరి పడేవి. దీన్ని బుల్‌విప్ అంటారు.

మందు కూడా ఆ ముగ్గురే చెప్పారు. చివర ఎంత అమ్ముడుపోయిందో ఆ అసలు లెక్క గొలుసులో అందరికీ కనబడాలి. ఆర్డరును చూసి ఆర్డరు పెట్టడం మానాలి.

సరే, ఇక గుంటూరు పోదాం. నిజానికి మిమ్మల్ని ఇంతదూరం తీసుకొచ్చింది అక్కడికి చేర్చడానికే.

మిర్చి రైతు జులై, ఆగస్టుల్లో నారు పోస్తాడు. తర్వాత నాటు. కోతలు డిసెంబరు, జనవరిలో మొదలై ఏప్రిల్ దాకా నడుస్తాయి. కళ్లంలో ఆరబోసి, తాలు కాయ ఏరి, టిక్కీలకు, అంటే బస్తాలకెత్తి మిర్చి యార్డుకు తెచ్చేసరికి నారు పోసిన రోజు నుంచి ఏడెనిమిది నెలలు. ఎకరానికి పెట్టుబడి లక్షకు పైమాటే. కౌలు రైతయితే ఆ పైన కౌలు. విత్తనం, ఎరువు, పురుగుమందు, కోత కూలి, అన్నీ ముందే పెట్టాలి. ఆ డబ్బంతా పెట్టిన రోజున అతని చేతిలో ఒక్క ఆర్డరు లేదు. పుష్ అంటే ఇదీ.

యార్డు దాటాక ఏం జరుగుతుందో ఆ రెండో చూపుతో చూడండి. వ్యాపారి కొన్న సరుకు కోల్డ్ స్టోరేజీకి చేరుతుంది. గుంటూరు చుట్టూ అవి బారులు తీరి ఉంటాయి. చైనాకు తేజా రకం పంపే ఎగుమతిదారు తనకు బయటి నుంచి ఆర్డరు రాగానే టిక్కీలు తీయిస్తాడు. కారం మిల్లు, మిర్చి నుంచి ఓలియోరెజిన్ అనే సారం తీసే కేరళ ఫ్యాక్టరీ, మసాలా ప్యాకెట్ల కంపెనీ ఎవరికివాళ్లు తమకు నెలకెంత కావాలో అంత తెప్పించుకుంటారు. కారం ప్యాకెట్టు అమ్మే కిరాణా కొట్టు వారానికోసారి అడుగుతుంది. కోల్డ్ స్టోరేజీ గుమ్మం నుంచి ఇవతలిదంతా కొద్దిరోజుల్లో సరిదిద్దుకోగలిగిన అంచనా, లేదా చేతిలో ఉన్న ఆర్డరు. ఆ గుమ్మానికి అవతల ఎనిమిది నెలల అంచనా మోసేవాడు ఒక్కడే ఉన్నాడు. వ్యాపారి సరుకు నిలవపెట్టి నష్టపోడని నేననను. అతనిదీ డబ్బే, ధర పడితే అతనికీ దెబ్బే. కానీ అతను ఇవాళ్టి ధర చూసి కొన్నాడు. రైతు ఎనిమిది నెలల కిందటి ధర చూసి నాటాడు.

దాని ఫలితం మన కళ్ల ముందే జరిగింది. 2021 చివర్లో నల్ల తామర పురుగు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మిర్చి తోటల్ని పీల్చేసింది. రైతులు తోటలు పీకేసుకున్నారు. సరుకు తగ్గింది, ధర ఎగిసింది. తర్వాత మేలు రకాలు క్వింటా 20 వేలు దాటిన రోజులు చూశాం. ఆ ధర చూసి ప్రత్తి వేసేవాళ్లు కూడా మిర్చికి మళ్లారు. ఆ పంటలు వచ్చేసరికి కోల్డ్ స్టోరేజీల్లో పాత సరుకుంది. 2025 ఫిబ్రవరికి ధర పడిపోయి, కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. ఆర్థికశాస్త్రంలో దీన్ని సాలెగూడు సిద్ధాంతమంటారు. మోర్డెకాయ్ ఎజెకీల్ అనే అమెరికన్ 1938లోనే దీని మీద వ్యాసం రాశాడు. నిరుటి ధర చూసి ఈ ఏడాది నాటే పంటలన్నిటికీ ఇదే గతి అని.

రంగుల కంపెనీ చేసిన పని రైతు చేయలేడు. మిరప మొక్కకు చివర్లో రూపు మార్చే వీల్లేదు. ఆగస్టులో తేజా నాటినవాడు జనవరిలో బ్యాడిగి రకం కోయలేడు. చివరి పని ఆలస్యం చేసే దారి మూసుకుపోయినప్పుడు మిగిలింది ఒక్కటే దారి. కొనేవాళ్ల అవసరం నాటే రోజుకు ముందుకు రావాలి.

అది సాధ్యమా అని అడుగుతారేమో. గుంటూరులోనే జరుగుతోంది. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఆ ఊళ్లోనే ఉంది, 1976 నుంచి పనిచేస్తోంది. వర్జీనియా పొగాకుకు సంబంధించి ఆ బోర్డు నాట్లకు ముందే సిగరెట్ కంపెనీలనూ ఎగుమతిదారులనూ ఈ ఏడాది మీకెంత కావాలని అడుగుతుంది. వాళ్లు చెప్పిన లెక్క, చేతిలో ఉన్న నిల్వ చూసుకుని పంట పరిమాణం నిర్ణయిస్తుంది. దాన్ని ఆకు క్యూరింగ్ చేసే బ్యారన్లకు పంచుతుంది. రైతు పేరు నమోదవుతుంది, సరుకు బోర్డు వేలం కేంద్రంలో అమ్ముడవుతుంది. అందులోనూ తగాదాలున్నాయి. కోటా మించి పండించడం ఉంది, వేలంలో కంపెనీలు చేతులెత్తేసిన సందర్భాలూ ఉన్నాయి. పొగాకు మనిషికి మంచిది కూడా కాదు. కానీ ఈ విధానంలో కొనేవాడి మాట నారుమడి కన్నా ముందుంది. ప్రాణం తీసే పంటకు ఉన్న ఈ ఏర్పాటు, ప్రతి ఇంటి పోపుల పెట్టెలో ఉండే పంటకు లేదు. ఇది నాకు మనసులో ముల్లులా ఉంది, దాచను.

మిర్చికి కోటాలు పెట్టమని నేను అడగడం లేదు. లక్షల మంది పండించే, దేశం నలుమూలలా పండే పంటకు అది కుదరదు. నిల్వ మీద అప్పు తీసుకునే మార్గం ఇప్పటికే ఉంది. 2007 గిడ్డంగుల చట్టం వచ్చాక నమోదైన గోదాములో సరుకు పెడితే ఇచ్చే రసీదును బ్యాంకులో తాకట్టు పెట్టొచ్చు. ఏప్రిల్‌లో ధర లేకపోతే రైతు ఆగగలిగేందుకు అది ఆసరా. కాకపోతే అది పండించాక వచ్చే సాయం. ఎంత నాటాలన్న ప్రశ్నకు అది జవాబివ్వదు.

నాటే ముందు కావలసింది చాలా చిన్నది, పెద్దగా ఖర్చూ లేదు. బుల్‌విప్‌కు చెప్పిన మందే ఇక్కడా మందు. జూన్ నెలాఖరుకు కోల్డ్ స్టోరేజీల్లో ఏ రకం ఎన్ని టిక్కీలున్నాయి, నిరుడు ఇదే రోజుకు ఎన్నున్నాయి, పన్నెండు నెలల్లో ఎగుమతి ఎంత, మిల్లులు తీసుకున్నదెంత, ఏ మండలంలో ఎంత విత్తనం అమ్ముడైంది. ఈ ఐదు అంకెలు. ప్రతి కోల్డ్ స్టోరేజీలోనూ రిజిస్టరు ఉంది. విత్తనాల కొట్లో బిల్లు పుస్తకం ఉంది. పెద్ద వ్యాపారికి ఈ అంకెలు సుమారుగా తెలుసు, అందుకే అతను ఎప్పుడు కొనాలో ఎప్పుడు ఆగాలో చెప్పగలడు. తెలియనిది నాటేవాడికి మాత్రమే. అతని చేతికి అందుతున్నది నిరుటి ధర అనే ఒకే ఒక్క అంకె.

మీలో మార్కెట్ కమిటీల్లో, మార్కెటింగ్ శాఖలో, ఉద్యాన శాఖలో పనిచేసేవాళ్లుంటే మీకు నా విన్నపం. ఈ ఐదు అంకెలూ ఒక కాగితం మీద తెలుగులో రాసి, జులై మొదటి వారానికల్లా ఆంధ్రలో ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద, తెలంగాణలో ప్రతి రైతు వేదిక గోడ మీద అంటించండి. కంప్యూటర్ పని తెలిసిన పిల్లలు మీ ఇళ్లలో ఉంటే ఆ లెక్కలు కూర్చడంలో చేయి వేయించండి. మీరు రైతుల కుటుంబాల నుంచి వచ్చినవాళ్లయితే, ఈసారి నారు పోయకముందే మీ ఊరి కేంద్రానికి వెళ్లి ఆ కాగితం ఏదని అడగండి. నలుగురు అడిగితే పెడతారు.